కడుపులో బిడ్డ తరఫున నిలబడాలంటే

ఆగస్టు వస్తే చాలు, కాలేజీ పిల్లలు కొందరు నన్ను వెతుక్కుంటూ వస్తారు. “ఆంటీ, ప్రోలైఫ్ ఉద్యమంలో చేరాలనుంది, ఏం చేయమంటారు?” అని అడుగుతారు. ప్రోలైఫ్ అంటే, గర్భస్రావం వద్దని కడుపులో బిడ్డ ప్రాణం వైపు నిలబడే ఉద్యమం. ఆగస్టులోనే ఎందుకంటే, గర్భం తీయించుకోవడాన్ని అనుమతించిన ఎంటీపీ చట్టం మన దేశంలో 1971 ఆగస్టు 10న వచ్చింది. 2021లో దానికి యాభై ఏళ్లు నిండినప్పుడు క్యాథలిక్ సంఘాలు ఆ రోజును సంతాప దినంగా పాటించాయి. వచ్చే పిల్లల్లో ఉత్సాహం ఉంటుంది, బాధా ఉంటుంది. ఫోన్ల నిండా అమెరికా వీడియోలు. జనవరి చలిలో వేలమంది నడిచే వాషింగ్టన్ ఊరేగింపు, ప్లకార్డులు, బుల్లి పాదాల బొమ్మ వేసిన టీషర్టులు. “మన విజయవాడలో కూడా ఇలాంటిది పెడదాం ఆంటీ” అంటారు.

ముందు నా నమ్మకం ఏమిటో సూటిగా చెప్పేస్తాను. కడుపులో ఉన్నది మనిషి బిడ్డే. దేవుడి మీద విశ్వాసంతో మాత్రమే ఈ మాట అనడం లేదు. బిడ్డ కడుపులో పడిన రోజు నుంచి భూమ్మీద పడే రోజు దాకా మధ్యలో ఎక్కడా ఒక ప్రాణి పోయి ఇంకో ప్రాణి రావడం లేదు. మొదటినుంచీ ఎదుగుతున్నది ఆ ఒక్క బిడ్డే. పన్నెండో వారంలో లేని విలువ ఇరవయ్యో వారంలో ఎక్కడినుంచి వస్తుందో, అప్పటిదాకా ఉన్న విలువ టిఫా స్కాన్‌లో ఒక లోపం కనబడగానే ఎక్కడికి పోతుందో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేకపోయారు. ఇంకొకరి మీద ఆధారపడి బతికేవాళ్ల విలువ తక్కువ అంటే, మంచాన పడ్డ మన పెద్దవాళ్ల విలువ కూడా తక్కువే కావాలి. ఆ లెక్కను నేను ఒప్పుకోను.

ఇలా నమ్మేవాళ్లు మన మధ్య తక్కువేం కాదు, మతాలకు అతీతంగా ఉన్నారు. కానీ మన దగ్గర ఈ ఉద్యమం ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే పిల్లలకూ నాకూ తేడా వస్తుంది. వాళ్ల కళ్లు రోడ్డు మీద ఉన్నాయి. నేను తల్లి ఉన్న గది వైపు చూడమంటాను.

అమెరికానే చూద్దాం. గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన రో వర్సెస్ వేడ్ తీర్పు 1973 జనవరి 22న వచ్చింది. సరిగ్గా ఏడాదికి, 1974లో, మొదటి ఊరేగింపు జరిగింది. మన పిల్లలకు తెలిసిన చరిత్ర అక్కడితో మొదలవుతుంది. కానీ అంతకు ఆరేళ్ల ముందే, 1968లో, కెనడాలోని టొరంటోలో లూయిస్ సమ్మర్‌హిల్ అనే గృహిణి బర్త్‌రైట్ అనే సంస్థ పెట్టింది. కష్టంలో ఉన్న గర్భిణి ఫోన్ చేస్తే తీయడానికి ఒక మనిషి, కూర్చోబెట్టి మాట్లాడటానికి ఒక కుర్చీ, బిడ్డకు బట్టలు, అవసరమైతే ఉండటానికి చోటు. అక్కడ ఈ సేవ ఊరేగింపు కంటే పాతది. ఇవాళ్టికీ అమెరికాలో ఆ ఉద్యమాన్ని నిలబెడుతున్నది చిన్నచిన్న ఊళ్లలో డైపర్లు పంచే, ఉచితంగా స్కాన్ చేయించే కేంద్రాలే. ఆ పని వీడియోల్లో కనబడదు, ఎందుకంటే ఏడుస్తున్న పిల్ల పక్కన కూర్చున్న మనిషిని ఎవరూ వీడియో తీయరు, తీయకూడదు కూడా.

ఇక మన సంగతి. మన ఊళ్లలో గర్భస్రావం ఎక్కడ జరుగుతోంది? పెద్దాసుపత్రి గేటు ముందు ప్లకార్డు పట్టుకుంటే ఎవరికి కనబడుతుంది? 2015 సంవత్సరానికి మన దేశంలో గర్భస్రావాలు కోటీ 56 లక్షలని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అందులో 81 శాతం మాత్రలతోనే జరిగాయి. అన్నీ కలిపి చూసినా నాలుగింట మూడొంతులకు దగ్గరగా, ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలు మింగినవే. ఆ అధ్యయనం చూసిన ఆరు రాష్ట్రాల్లో మన రెండూ లేవు. అయినా మా బజారులో ఏ మెడికల్ షాపు ముందు ఒక సాయంత్రం నిలబడినా ఆ లెక్క నాకు నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది.

షాపుకొచ్చేది గర్భంతో ఉన్న ఆమె కాదు. మొగుడు వస్తాడు. జనం పలచబడేదాకా పక్కన నిలబడి, నెమ్మదిగా “కిట్ ఉందా” అంటాడు. డాక్టరు చీటీ ఉండాలని చట్టం. చీటీ ఎవరూ అడగరు. ఎన్నో వారమని అడగరు, ఆమెకు రక్తం ఎంత ఉందని అడగరు, ఇంతకుముందు సిజేరియన్ అయిందా అని అడగరు. ఐదు మాత్రల కిట్ నల్ల కవర్లో పెట్టి ఇస్తారు. ఇంటికెళ్లి ఆమె చేతికిచ్చి అతను పనికెళ్లిపోతాడు.

మాకు తెలిసిన ఒకామె ఇలాగే వేసుకుంది. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఇంకా పాలు మాన్పించలేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోవడానికి పుట్టింటివాళ్లు వచ్చి పిల్లల్ని చూడాలి, వాళ్లకు కూలిపనులు. నిరోధ్ వాడమంటే అతను వినడు. నెల తప్పిందని తెలిసిన వారానికి కిట్ వచ్చింది. ఆ తర్వాత మూడు వారాలు రక్తం పోతూనే ఉంది. పనికి పోతూనే ఉంది. కళ్లు తిరిగి పడిపోయాక గానీ ఎవరికీ తెలియలేదు. మేము ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఆమె నాతో అన్నమాట: “నాకు ఉంచుకోవాలనే ఉందండీ. ఎవర్నడగాలో తెలీలా.”

ఆమెను ‘హంతకురాలు’ అనే నోరు నాకు లేదు. అలా అనే ప్లకార్డు పట్టుకున్న ఏ సమూహంలోనూ నేను నిలబడను. ఆమె బిడ్డను కాపాడటానికి ఊరేగింపు అక్కర్లేదు. పెద్దపిల్లను ఒక పది రోజులు చూసుకునే పక్కింటామె, మొగుడితో గట్టిగా మాట్లాడగల ఒక మగమనిషి, ఊరి నర్సు ఏఎన్ఎం దగ్గరకు వెంటబెట్టుకెళ్లే ఒక తోడు ఉంటే చాలు. ఈ మూడూ డబ్బుతో వచ్చేవి కావు. మనుషులు కావాలి.

పెళ్లికాని పిల్లల విషయం ఇంకా కష్టం. ఐదో నెల దాటాక ఆ పిల్లకు మన ఊళ్లలో ఉండటానికి చోటు లేదు. కన్నవాళ్లే ఇంట్లో ఉంచుకోరు. “హైదరాబాద్‌లో కోచింగ్‌లో ఉంది” అని బంధువులకు చెప్పి కన్యాస్త్రీల దగ్గర దింపి వెళ్లిపోతారు. అలాంటి చోట్ల నేను నేర్చుకున్న పనులు చాలా చిన్నవి. కాన్పుకు వెళ్లేటప్పుడు సంచిలో మెత్తబడ్డ పాత నూలు చీరలు నాలుగు, ఫ్లాస్కు, ఆధార్ జిరాక్సు, చెవుల మీదికి వచ్చే టోపీ పెట్టాలి. ప్రభుత్వాసుపత్రి వార్డులో సిస్టర్ గట్టిగా అడుగుతుంది, “ఈమె తాలూకు ఎవరు?” అని. అప్పుడు “నేను” అనడానికి ఒకరుండాలి. కేసుషీటులో భర్త పేరు అనే గడి దగ్గర ఆ పిల్ల చెయ్యి ఆగిపోతుంది. పక్క మంచాలవాళ్లు చూస్తుంటారు. అక్కడ మనం పక్కన ఉండి, పెన్ను తీసుకుని, మామూలుగా గీత గీసేయగలగాలి. తండ్రి పేరు లేకుండానే జనన ధృవీకరణ పత్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015 జులైలో చెప్పింది. ఈ సంగతి తెలియక ఎంతమంది ఆడపిల్లలు భయపడి చస్తున్నారో. ఇది తెలిసిన ఒక్క కార్యకర్త పది ప్లకార్డుల పెట్టు.

ఒక హెచ్చరిక. పిల్ల వయసు 18 లోపు అయితే అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు. ‘పరువు’ పేరుతో దాచిపెట్టడం నేరం, అంతకన్నా ముందు ఆ పిల్లకు ద్రోహం. మంచి పని చేస్తున్నామన్న ధీమాలో చట్టాన్ని పక్కనపెట్టేవాళ్లను నేను చూశాను. వాళ్లతో పనిచేయొద్దు.

దత్తత గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ల నోట తేలిగ్గా వచ్చే మాట అది. మదర్ థెరిసా 1979లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు, గర్భస్రావంతో మేము దత్తత ద్వారా పోరాడుతున్నామని చెప్పారు. ఆమె చెబితే చెల్లింది, ఆమె వెనక కలకత్తాలో పిల్లల ఆశ్రమం శిశుభవన్ ఉంది. మన తెలుగు నేలకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్ దత్తత సంస్థల మీద దాడులు జరిగినప్పుడు బయటపడింది ఏమిటి? నల్గొండ వైపు లంబాడీ తండాల నుంచి ఆడపిల్లల్ని కొద్దిపాటి డబ్బుకు కొని, విదేశాలకు దత్తత పేరుతో పంపిన వ్యాపారం. చివరికి పేదరికం కారణంగానో, ఆడపిల్ల అనో బిడ్డను సంస్థలకు రాసిచ్చేయడాన్నే అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. ‘బిడ్డ బతికింది కదా’ అని దాన్ని సమర్థించుకోగలమా? ఆ తల్లుల దగ్గర నుంచి బిడ్డల్ని లాక్కున్నది ఆకలి. ఆకలి తీర్చకుండా బిడ్డను తీసుకుపోవడం ప్రాణరక్షణ కాదు.

ఇవాళ పద్ధతి స్పష్టంగా ఉంది. బిడ్డను పెంచలేని తల్లి శిశు సంక్షేమ కమిటీ ముందుకు రావాలి. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువుంటుంది. దత్తత కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా ద్వారానే జరగాలి. బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే దంపతులు నా చుట్టూ ఎంతోమంది ఉన్నారు. “మీ దగ్గరికి ఎవరైనా వస్తే మాకు చెప్పండి, చర్చి వాళ్లమే కదా” అని నన్నూ అడుగుతారు. వాళ్ల బాధ నాకు తెలుసు. అయినా నా సమాధానం ఒక్కటే: కారాలో పేరు నమోదు చేసుకోండి. ఆ రెండు నెలలు తల్లివి. ఆ గడువులో ఆమె మీద ఎవరి ఒత్తిడీ ఉండకూడదు, మన ఒత్తిడి అసలే ఉండకూడదు. బిడ్డను తనే పెంచుకుంటానంటే ఆమెకు అద్దె ఇల్లు, ఒక ఉద్యోగం చూసిపెట్టడం మన పని.

2023 అక్టోబరులో సుప్రీంకోర్టుకు వచ్చిన కేసు ప్రోలైఫ్ అని చెప్పుకునే ప్రతివాళ్లూ చదవాలి. ఇద్దరు పిల్లల తల్లి, పెళ్లయిన ఆమె. రెండో బిడ్డకు పాలిస్తుండటం వల్ల నెలసరి రాలేదు, గర్భం వచ్చిన సంగతే తెలియలేదు. తెలిసేసరికి చాలా వారాలు గడిచిపోయాయి. కాన్పు తర్వాత వచ్చే మానసిక కుంగుబాటుకు మందులు వాడుతోంది. గర్భం తీయించుకోవడానికి అక్టోబరు 9న ఇద్దరు న్యాయమూర్తులు అనుమతించారు. అప్పుడు ఎయిమ్స్ డాక్టరు ఒక ప్రశ్న రాసి పంపారు: బిడ్డ బతికే అవకాశం ఉంది, గుండె ఆపమంటారా? 11న అదే ధర్మాసనం రెండుగా చీలింది. జస్టిస్ హిమా కోహ్లీ ఒకవైపు, జస్టిస్ నాగరత్న మరోవైపు. 16న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నేతృత్వంలో ముగ్గురు న్యాయమూర్తులు అనుమతి నిరాకరించారు. కాన్పు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలన్నారు, బిడ్డను దత్తతకు ఇవ్వాలో వద్దో తల్లిదండ్రులే తేల్చుకోవచ్చన్నారు.

ఆ తీర్పు నాకు సరైనదే అనిపించింది. ఇరవయ్యారు వారాల బిడ్డ గుండె ఆపమని ఆదేశించలేమన్న న్యాయమూర్తులకు నేను రుణపడి ఉంటాను. మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ రాత్రి సంబరాలు చూసి మాత్రం నాకు మనసు ఒప్పలేదు. ఎయిమ్స్ కాన్పు చేస్తుంది. ఆ తర్వాత రాత్రుళ్లు నిద్రపట్టక, ముగ్గురు పసిపిల్లల మధ్య కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పే తల్లి పక్కన ఎవరుంటారు? కోర్టు ఆ పని చేయలేదు. ‘బిడ్డ బతకాలి’ అని కోరుకున్న ప్రతివాళ్లూ ఆ కుటుంబానికి బాకీ ఉంటారు. ఆ బాకీ తీర్చే ఏర్పాటు మన ఊళ్లో ఉంటేనే ఆ తీర్పు మనదని చెప్పుకునే హక్కు మనకు వస్తుంది.

ఆడపిల్లల విషయం ఎత్తకుండా ఈ మాట పూర్తికాదు. ‘ఇచ్చట లింగ నిర్ధారణ చేయబడదు’ అనే బోర్డు లేని స్కాన్ సెంటర్ లేదు. చట్టం 1994 నుంచి ఉంది. అయినా ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంతకుముందు ఐదేళ్లలో పుట్టిన పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు తెలంగాణలో 894 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 934 మంది ఆడపిల్లలే ఉన్నారు. ప్రకృతి లెక్కలో 950 దాకా ఉండాలి. ఆ తేడా ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు. నిజాయితీగా చెప్పాలంటే, ఇక్కడ ముందు పోరాడింది ప్రోలైఫ్ వాళ్లం కాదు. చట్టం కాగితాల్లోనే పడి ఉందని 2000లో సుప్రీంకోర్టుకెళ్లింది సెహత్, మాసుమ్ అనే మహిళా ఆరోగ్య సంస్థలు, డాక్టర్ సాబు జార్జ్. స్త్రీకి సురక్షితంగా గర్భస్రావం చేయించుకునే హక్కు ఉండాలని వాదించే సంస్థలు అవి. నేను వాళ్లతో ఆ విషయంలో ఏకీభవించను. కానీ వాళ్లు కోర్టు మెట్లెక్కిన ఏళ్లలో మన పెళ్లిళ్లలో కట్నాల బేరాలు సాగుతూనే ఉన్నాయి, ఆ పెళ్లిళ్లకు మనమే దీవెనలిచ్చాం. కట్నం తీసుకున్న ఇల్లు ప్రోలైఫ్ ఇల్లు కాదు. చేరతానని వచ్చే అబ్బాయిలను నేను మొదట అడిగేది అదే.

లోపంతో పుట్టబోయే బిడ్డల సంగతి. 2021 సవరణ తర్వాత, మెడికల్ బోర్డు తీవ్రమైన లోపం ఉందని తేలిస్తే గర్భం తీయడానికి వారాల పరిమితే లేదు. నాకు ఇది చట్టంలో అన్నిటికన్నా బాధపెట్టే భాగం. కానీ టిఫా రిపోర్టు చేతిలో పట్టుకుని వణికిపోతున్న దంపతులకు వాదన వినిపించి ఏం లాభం? డౌన్ సిండ్రోమ్ బిడ్డను పెంచుతున్న ఒక అమ్మను వాళ్ల ఇంటికి తీసుకెళ్లండి, వాళ్లు అడిగినవాటికి ఆమెనే జవాబు చెప్పనివ్వండి. బిడ్డ పుట్టాక వైకల్య ధృవీకరణ పత్రమిచ్చే సదరం క్యాంపుకి వెంట వెళ్లండి, పొద్దున్నే లైన్లో నిలబడండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో, ఫిజియోథెరపీ ఏ రోజుల్లో ఉంటుందో, నిరామయ ఆరోగ్య బీమాకు ఎలా దరఖాస్తు పెట్టాలో తెలుసుకుని ఉండండి. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 6,000 రూపాయలైంది. అది చాలదు, కానీ అది కూడా అందనివాళ్లున్నారు.

వైద్యం విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. బెళగావి నుంచి వెళ్లి ఐర్లాండ్‌లో స్థిరపడ్డ దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ 2012 అక్టోబరు 28న గాల్వేలో చనిపోయింది. పదిహేడో వారంలో గర్భం నిలవదని తేలిపోయింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందన్న కారణంతో గర్భం తీయకుండా ఆపారు, ఈలోగా ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది, దాన్ని సకాలంలో గుర్తించలేదు. ఇద్దరూ దక్కలేదు. 2018లో ఐర్లాండ్ జనం 66 శాతం ఓట్లతో రాజ్యాంగంలోని గర్భస్రావ నిషేధాన్నే తీసేశారు. తల్లి ప్రాణం పోయేటప్పుడు డాక్టరు చేతులు కట్టేసే ఏ నియమమూ ప్రాణం వైపు నిలబడినట్టు కాదు. మనవాళ్లలో ఎవరైనా దీనికి మినహాయింపులు వెతికితే, వాళ్లతో గట్టిగా వాదించండి. ఆ తల్లులను జైల్లో పెట్టాలనేవాళ్లతోనూ అంతే. భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ కింద ఎంటీపీ చట్టం దాటి గర్భం పోగొట్టుకున్న తల్లిని కూడా శిక్షించవచ్చు. నల్ల కవర్లో కిట్ తెచ్చిన మొగుడు బయట తిరుగుతుంటే, రక్తం కారిన ఆడమనిషి కటకటాల వెనక ఉండాలని కోరుకునే ఉద్యమం నాకొద్దు.

మొగుడి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్లలో ఒక శాతం కూడా లేరు. వేసెక్టమీ అయితే కోత పెద్దగా ఉండదు, ఆ రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు. (మా క్యాథలిక్ బోధ ఈ ఆపరేషన్లను ఒప్పుకోదని నాకు తెలుసు. ఆ బోధ ప్రకారమే నడవదలచుకున్న మగవాళ్లు భార్య వద్దన్న రోజు వద్దన్నట్టు ఊరుకోవాలి. ఆ నిగ్రహం గురించి ఏ ప్రసంగంలోనూ వినలేదు.) మూడో సంతానం ఉంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడనివ్వకుండా మూడు దశాబ్దాలు ఆపిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరులో ఆ నిబంధన తీసేసి, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోంది. అప్పుడూ ఇప్పుడూ కనాల్సింది, ఆపుకోవాల్సింది ఆమే.

అందుకే ఈ ఆగస్టులో వచ్చేవాళ్లలో అబ్బాయిలు ఎక్కువమంది ఉండాలని కోరుకుంటున్నాను. మా దగ్గర ప్రస్తుతం లేనిది ఏమిటో చెబుతాను, ఎవరి వీలు వాళ్లు చూసుకోండి. కాన్పుల వార్డులో రాత్రిపూట తోడుండటానికి ఆడవాళ్లు చాలడం లేదు, వంతులవారీగా ఇద్దరుముగ్గురు కావాలి. బి నెగెటివ్, ఓ నెగెటివ్ రక్తం ఇవ్వగలవాళ్ల నంబర్లు రాసుకున్న కాగితం పాతబడింది, కొత్తగా రాయాలి. ఒక పిల్ల బిడ్డతో బయటికొచ్చి టైలరింగ్ మొదలుపెట్టింది, ఇల్లు అద్దెకివ్వడానికి “మీ ఆయన ఏం చేస్తాడు” అని అడగని ఇంటి ఓనర్ కావాలి, రెండు గదులైనా చాలు. అర్ధరాత్రి ఫోన్ వస్తే కారు తీయగలవాళ్లు కావాలి. 108 వస్తుంది, కానీ వెనక్కి ఇంటికి తీసుకురావడానికి ఎవరూ ఉండరు.